కుండలో పోయకముందే తీసిన పిడికెడు

నాన్నా,

జ్వరం తగ్గిందని మీ అమ్మ చెప్పింది. అయినా ఆ హాస్టల్ తిండి మీద నాకు నమ్మకం లేదు. రాత్రిపూట కాస్త పెరుగన్నమైనా తిను.

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. అద్దె, బండి వాయిదా, చెల్లి ఫీజు పోను ఏమన్నా ఉంటే గుడికి ఇస్తున్నానని, లేని నెల మానేస్తున్నానని రాశావు. చెల్లి ఫీజు నువ్వు కడుతున్నందుకు రోజూ స్తోత్రం చెప్పుకుంటున్నాను. కానీ నాన్నా, అన్నీ అయ్యాక దేవునికి పెట్టడం మన ఇంట్లో లేదు.

మా అమ్మ పొయ్యి పక్కన ఒక ముంత ఉండేది. ఎసట్లో గింజలు పోసేముందే పిడికెడు తీసి అందులో వేసేది. బియ్యం పండుగలకే, మిగతా రోజులు జొన్నలు. వానలు లేని ఏడు మేము అంబలి తాగి పడుకున్నాం, అప్పుడూ ముంతలో పిడికెడు పడింది. పిల్లల నోటికాడిది తీస్తున్నావని నాయన ఒకసారి కోప్పడ్డాడు. అమ్మ మారు మాట్లాడలేదు, తన గిన్నెలో తగ్గించుకుంది. ఆదివారం ఆ గింజలు కొంగున కట్టుకుని గుడికి తెచ్చేది. అందరివీ కలిపి కొలిచేవాళ్లు. ఉపదేశికి కొంత, పొయ్యి వెలగని ముసలివాళ్లకు కొంత.

అజరయ్య బిషప్‌గారు మనవాళ్లకు నేర్పింది ఇదే. 1912లో ఆయన బిషప్ అయ్యేనాటికి మన సంఘాల్లో ఎక్కువమంది కూలి చేసుకునేవాళ్లు. పాపం బీదవాళ్లు, వీళ్లనేం అడుగుతాం అని ఆయన వదిలేయలేదు. ఇవ్వగల మనుషులుగా చూశారు, అదే మనకు గౌరవం. క్రైస్తవులు ఇవ్వడం గురించి పుస్తకమే రాశారు. ఆయన ఇతరులతో కలిసి స్థాపించిన తిరునెల్వేలి మిషనరీ సంఘం 1903లో పుట్టినప్పుడే పరాయి దేశం డబ్బు మీద బతకకూడదని నియమం పెట్టుకుంది. ఆయన కాలంలోనే, 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ పెద్ద గుడిలో నీకు బాప్తిస్మం ఇచ్చారు. ఆ రోజు ఎంత ఏడ్చావో!

కమిటీ తగవులు చూసి మనసు విరిగిందన్నావు. లెక్కలు అడుగు. సంఘ సమావేశంలో లేచి నిలబడి అడుగు, రసీదు లేకుండా రూపాయి ఇవ్వకు. యెరూషలేము బీదల కోసం పోగైన కానుకను పౌలంతటివాడే ఒక్కడూ పట్టుకుపోలేదు, సంఘాలు ఎంచిన మనుషులను వెంటబెట్టుకున్నాడు. అడగడం అవిశ్వాసం కాదు. కోపంతో చెయ్యి ముడుచుకోవడం మాత్రం నాకు నచ్చలేదు. ఆ కానుకలతో నడిచేది కమిటీ ఒక్కటే కాదు, అయ్యగారి ఇల్లు కూడా.

టీవీలో ఎవరో నూరంతలు వస్తుందని చెబితే నీ స్నేహితుడు అప్పు తెచ్చి పంపాడటగా. ఆ దారి పట్టకు. అది కానుక కాదు, వడ్డీ వ్యాపారం.

కోత పండుగ వేలంపాటలు నీకు గుర్తున్నాయా? ఒక ఏడు మీ తాతయ్య కొబ్బరికాయ పాడి, డబ్బు కట్టి, కాయ మళ్లీ వేలానికే ఇచ్చేశాడు. పాడినవాళ్లంతా అలాగే తిరిగిచ్చారు. అప్పటికి మాకు పెళ్లి కాలేదు. ఆ రోజు ఆయన ముఖంలో సంతోషం చూసే నేను సరేనన్నాను. ఆయనకు సొంత ఎకరం కూడా లేదప్పుడు.

అందుకే చెబుతున్నా బంగారం, జీతం పడిన రోజే, అద్దె కట్టకముందే దశమభాగం తీసి పక్కన పెట్టు. పదోవంతు బరువనిపిస్తే ఇప్పటికి ఇరవయ్యోవంతు పెట్టు, కానీ మొదట పెట్టు. ఏ నెలైనా మందులకో తిండికో ఇబ్బందైతే నాకు ఫోన్ చెయ్యి, నా పింఛను ఉంది. దేవుని వాటా మాత్రం ముట్టుకోవద్దు.

ప్రేమతో,
అమ్మమ్మ