కొండల తీరమును పటమున చదువుట

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల విద్యార్థులలో సముద్రమును చూచినవారు కొద్దిమందియే. అయినను పటము చదువ నేర్చినవారు ఇచటనే కూర్చుండి విశాఖపట్టణపు తీరమెట్టిదో చెప్పగలరు. అమెరికా సైన్యపు పటశాఖవారు 1950 తరువాతి దశాబ్దమున మన దేశమునకు పటములు ముద్రించిరి. వానియందు 1 సెంటీమీటరు నేలపై 2½ కిలోమీటర్లకు సమానము.

ఇట్టి పటములయందలి వంకర గీతలకు సమోన్నత రేఖలని పేరు. ఒక్కొక్క రేఖ పొడవునను నేల యెత్తు ఒక్కటే. వేసవిలో చెరువు తీయుచుండగా నీరు వదలిన చారలను మీరెల్లరు చూచియుందురు. నిటారుగ నుండు రాతికట్టపై ఆ చారలు, మీదినుండి చూచినచో, ఒకదానినొకటి ఒరసికొనునట్లుండును. ఆవల పశువులు దిగు శిఖము నేలపై ఎడమెడముగ నుండును. కొండల రేఖలును ఇట్టివే.

విశాఖపట్టణమున డాల్ఫిన్స్ నోస్ అను కొండముక్కు సముద్రములోనికి చొచ్చియున్నది. అచట తూర్పు కనుమల శాఖ ఒడ్డుదాక వచ్చినది గనుక రేఖలు నీటి అంచువరకు ఇరుకుకొని యుండును. ఆ కొండ చాటుననే 1933లో ఓడరేవు తెరువబడినది. కొండకు ఆవలిప్రక్కన యారాడ ఇసుకతీరము కలదు. ఉత్తరమునకు పోయినచో గోస్తనీనది సముద్రమున కలియు భీమునిపట్టణము. నడుమనున్న ఎర్రమట్టి దిబ్బల గండ్లు మిక్కిలి చిన్నవి. ఇంత కురుచ పటమున వానిని వెదకి ప్రయోజనము లేదు.

రేఖలు దట్టముగ నున్న తీరమే అపాయకరమని పిల్లలు తలతురు. ఇది సగమే నిజము. ఓడకు రాతిఒడ్డు అపాయమే. ఊరికి మాత్రము అట్లు కాదు. కృష్ణానది ముఖమున నున్న దివిసీమను పటమున చూడుడు. రేఖలు లేవు, అంతయు తెల్లగ నుండును. 1977 నవంబరు 19వ తేదీన తుపాను వచ్చినపుడు సుమారు 5 మీటర్ల యెత్తున ఉప్పెన లేచి, అడ్డమేమియు లేనందున మైళ్లకొలది లోనికి చొచ్చెను. వేలకొలది జనులు మృతినొందిరి. ఇట్టి పటమున రెండు రేఖల నడుమనుండు ఎత్తు 5 మీటర్లకంటె చాల ఎక్కువ. కాబట్టి ఆ జనుల ప్రాణము దేనిపై ఆధారపడెనో ఆ కొద్దిపాటి మిట్టపల్లములు పటమునకు ఎక్కనేలేదు. అట్టి తావుల చుక్క ప్రక్కన వ్రాసిన ఎత్తు అంకెలను చూచుకొనవలెను. ముద్రించిన సంవత్సరమునుగూడ చూడవలెను. ఏలయన కొండ కదలకున్నను, నదీముఖములయందలి ఇసుకతీరము ఏటేట జరుగుచుండును.