ఫోర్టెపియానో వినడం: ఒక పాత శ్రోత పాఠాలు

హేడన్, మోజార్ట్, బీథోవెన్ సొనాటాలను ఇవాళ్టి పెద్ద పియానో మీదే వింటూ వచ్చినవాళ్ళకు ఆ స్వరకర్తల కాలపు పియానో అయిన ఫోర్టెపియానో రికార్డు వినిపిస్తే మొదట ముఖం చిట్లిస్తారు. ఇంత పీలగా ఉందేమిటి అంటారు. అలా అడిగిన చిన్నవాళ్ళకు నేను చెబుతూ వచ్చిన మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. వాల్యూం తగ్గించి మొదలుపెట్టండి.

ఇప్పటి కచేరీ పియానో లోపల పోత ఇనుప చట్రం ఉంటుంది. తీగల బిగువంతా కలిపితే ఇంచుమించు ఇరవై టన్నులు. మోజార్ట్ నాటి వియన్నా పియానోకు ఆ చట్రం లేదు, అంతా కర్రే. తీగలు సన్నవి, సుత్తులు చిన్నవి, సుత్తుల మీద ఫెల్టు బదులు తోలు. మీటలు 88 కాదు, 61. దాన్ని పెద్ద పియానోతో సమానంగా మోగించాలని వాల్యూం పెంచితే స్వరం గరుకెక్కుతుంది. గదిలో ఎదురుగా కూర్చుని ఎవరో వాయిస్తున్నట్టు వినిపిస్తే చాలు.

2. స్వరం ఆరిపోయే తీరు పట్టుకోండి.

నేను చెప్పదలచిన అసలు సంగతి ఇదే. వీణ మీద మీటు పడగానే నాదం సన్నగిల్లడం మొదలవుతుంది. వైణికులు ఆ సన్నగిల్లే నాదంలోనే గమకం పలికిస్తారు. ఫోర్టెపియానోలో గమకం లేదు కానీ నాదం అంతే తొందరగా సన్నబడుతుంది. ఆ సంగతి తెలిసిన చేతులే ఈ సొనాటాలు రాశాయి.

బీథోవెన్ 'పథెటిక్' సొనాటా మొదటి స్వరాల మూకుమ్మడి దెబ్బ వినండి. బలంగా కొట్టాలి, వెంటనే మెత్తబడాలి అని దాని కింద గుర్తు ఉంది. పెద్ద పియానో మీద ఆ దెబ్బ గంటలా మోగుతూనే ఉంటుంది, వాయించేవాళ్ళు దాన్ని తగ్గించడానికి నానా తంటాలు పడాలి. 1790ల నాటి వియన్నా పియానో మీద ఆ పని వాయిద్యమే చేసిపెడుతుంది. దెబ్బ పడుతుంది, నాదం దానంతటదే లోపలికి పోతుంది, ఆ వెనక వచ్చే నిశ్శబ్దం భయపెడుతుంది.

మోజార్ట్ 1778లో పారిస్‌లో రాసిన ఎ మైనర్ సొనాటా, కె. 310 కూడా ఇలాగే వినాలి. అందులో రెండేసి స్వరాలను కలిపిన చిన్న చిన్న గీతలున్నాయి. మొదటి స్వరం మీద ఒత్తు, రెండోది వదిలేయడం. స్వరం తొందరగా ఆరే వాయిద్యం మీద ఆ వదిలేయడం నిట్టూర్పులా వినిపిస్తుంది. అమెరికన్ పియానిస్టు మాల్కమ్ బిల్సన్ జీవితమంతా విద్యార్థులకు ఈ గీతల సంగతే చెబుతూ వచ్చారు. ఆయన మోజార్ట్ రికార్డులు దొరికితే వదలకండి.

3. 'మూన్‌లైట్'ను మళ్ళీ కొత్తగా వినండి.

ఆ పేరు బీథోవెన్ పెట్టింది కాదు, ఆయన పోయాక రెల్‌స్టాబ్ అనే విమర్శకుడి మాటల నుంచి వచ్చింది. బీథోవెన్ రాసిపెట్టింది ఇంకొకటుంది: మొదటి మూవ్‌మెంట్ ఆసాంతం డ్యాంపర్లు, అంటే తీగల్ని అదిమి ఆపే ముక్కలు, ఎత్తే ఉంచాలని. ఇప్పటి పియానో మీద ఆ మాట అక్షరాలా పాటిస్తే ఒక స్వర సమూహం ఇంకా మోగుతుండగానే రెండోది వచ్చి పడి అంతా అలుక్కుపోతుంది. అందుకే పియానిస్టులు పెడల్‌ను మాటిమాటికీ మారుస్తారు. 1801 నాటి వాయిద్యం మీద పాత స్వరం వేళకు సన్నబడి కొత్తదానికి చోటిస్తుంది. అంచులు మాత్రం కాస్త కలుస్తాయి. ఆయన కోరుకున్నది ఆ కలయికనే అని నా గట్టి నమ్మకం.

4. మంద్రం, మధ్యమం, తారం వేరువేరు గొంతులని గుర్తించండి.

ఇప్పటి పియానో తయారీదార్లు కింది నుంచి పై దాకా ఒకే రంగు రావాలని శ్రమిస్తారు. పాత పియానోలో కింది స్వరాలు బుసకొడతాయి, నడిమివి పాడతాయి, పైవి కర్ర మీద కొట్టినట్టు పొడిగా ఉంటాయి. పైగా సుత్తికీ తీగకూ మధ్య పలచని గుడ్డపట్టీ అడ్డం వచ్చే ఏర్పాటొకటి ఉంటుంది. దాన్ని మోడరేటర్ అంటారు. 1820 ప్రాంతపు బ్రోడ్మన్ పియానో మీద ఆండ్రాష్ షిఫ్ వాయించిన షూబర్ట్ వింటే ఈ తేడాలన్నీ తెలుస్తాయి. బి ఫ్లాట్ సొనాటా, డి. 960 మొదట్లో మంద్రంలో ఒక ట్రిల్ వస్తుంది. దానికోసం చెవులు రిక్కించుకుని ఉండండి.

5. శ్రుతి తక్కువగా ఉందని కంగారు పడకండి.

ఇప్పటి 440 హెర్ట్జ్‌కి బదులు చాలామంది 430 దగ్గర శ్రుతి చేస్తారు. తేడా అర స్వరంలో సగం కూడా లేదు. కాసేపటికి చెవి సర్దుకుంటుంది.

6. ఏ వాయిద్యం మీద వాయించారో తప్పక చూడండి.

ఫోర్టెపియానో అంటే ఒకటి కాదు. ఆగ్స్‌బర్గ్‌లో స్టైన్, వియన్నాలో వాల్టర్, తర్వాత గ్రాఫ్ తయారుచేసినవాటికి మీట తేలిక, మాట స్పష్టం. లండన్ బ్రాడ్‌వుడ్‌కు నిండుదనం ఎక్కువ. హేడన్ 1794లో లండన్‌లో రాసిన ఇ ఫ్లాట్ సొనాటా అంత భారీగా మొదలవడానికి ఆ వాయిద్యాలే కారణమని వినగానే అనిపిస్తుంది.

పౌల్ బాదురా-స్కోదా తాను సేకరించిన అసలు పాత పియానోల మీదే బీథోవెన్ వాయించారు. రోనాల్డ్ బ్రౌటిగమ్ మాత్రం పాల్ మెక్‌నల్టీ చేసిన నకళ్ళ మీద వాయించారు. తొలి సొనాటాలకు ఒకటి, చివరివాటికి ఇంకొకటి. నన్నడిగితే మోజార్ట్‌కు మంచి నకలే మేలు. మోజార్ట్ ముందున్నది రెండు వందల ఏళ్ళు పాతబడ్డ పెట్టె కాదు కదా, నిన్నమొన్న తయారైన పెట్టె.

7. చప్పుళ్ళు భరించండి.

కర్ర టకటకలు, మోకాలితో ఎత్తే మీట కిర్రుమనడం కూడా ఆ వాయిద్యంలో భాగమే.

8. హేడన్‌తో మొదలుపెట్టి బీథోవెన్ చివరి సొనాటాలు ఆఖరికి ఉంచుకోండి.

హేడన్ ఆగడంలోనే చమత్కారం చేస్తాడు. ఈ వాయిద్యం మీద ఆ ఆగడాలు మరీ స్పష్టం. అక్కడ చెవి పదునెక్కాక క్రిస్టియన్ బెజూడెన్‌హౌట్ మోజార్ట్ వినండి. ఆ తర్వాత 1821 నాటి బీథోవెన్ ఆపస్ 110. అందులో ఫ్యూగ్ రెండోసారి తలకిందులై వచ్చేచోట, ఒక్క తీగ మీద మొదలుపెట్టి మెల్లమెల్లగా అన్ని తీగల మీదికీ రమ్మని రాశాడు. ఆనాటి పెడల్ మీటల వరసనంతా పక్కకు జరిపి సుత్తిని నిజంగా ఒక్క తీగకే తగిలేలా చేసేది. ఇప్పటి గ్రాండ్ పియానోలో అలా జరిపినా రెండు తీగలు మిగులుతాయి. గ్రాఫ్ నకలు మీద ఆ చోటు విన్నప్పుడు, పీలగా బయల్దేరిన స్వరం తీగ వెంట తీగ కలుపుకుంటూ నిండుతుంది. ఆ చోటు కోసమైనా ఇవన్నీ నేర్చుకోండని పిల్లలకు చెబుతాను.