వాల్యూమ్ ముట్టుకోకు

చిరంజీవి మేనల్లుడికి,

మొదటి జీతంతో టర్న్‌టేబుల్ కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. డీప్ పర్పుల్, మెటాలికా రికార్డుల పక్కన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కూడా పెట్టుకోవాలనుంది, ఏవి కొనమంటావని అడిగావట. ఈ మాట నీ నోట ఎప్పుడొస్తుందా అని చాలా ఏళ్లుగా చూస్తున్నాను నాన్నా.

కొనకూడనిది ముందు చెబుతాను. పేరున్న ముక్కలన్నీ ఏరి కూర్చిన సంకలనాల జోలికి పోకు. నీ వయసులో నేను అలాంటి క్యాసెట్టే కొన్నాను. ఒక్కోటీ నాలుగు నిమిషాలు, అన్నీ మెత్తగా, తియ్యగా. ఈ సంగీతమంటే ఇంతేననుకుని ఏడెనిమిదేళ్లు అటు తొంగి చూడలేదు. ఆ ఏళ్లు పోయాయే అని ఇప్పటికీ దిగులు. కొంటే పూర్తి రచనే కొను.

మొదటిది బెథోవెన్ ఐదో సింఫనీ. కండక్టర్ కార్లోస్ క్లైబర్ 1974లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో చేసిన రికార్డింగ్ వెతుక్కో. మొదటి నాలుగు స్వరాలు లోకమంతా ఎరిగినవే, వాటి దగ్గరే ఆగిపోకు. మొత్తం అరగంట పైచిలుకు. మూడో భాగం చివరికొచ్చేసరికి ఆర్కెస్ట్రా అంతా సద్దుమణుగుతుంది. తీగవాద్యాలు పట్టిన స్వరాలను వదలకుండా నిలబడతాయి. అడుగున టింపనీ డ్రమ్ము మాత్రం, పక్కగదిలో ఎవరో వేలితో తలుపు తడుతున్నట్టు, వినపడీ వినపడకుండా మోగుతుంటుంది. సరిగ్గా అక్కడే నీ చెయ్యి వాల్యూమ్ మీదికి పోతుంది. పోనివ్వకు. నువ్వు వినే పాటల్లో చాలావాటికి మొదట్నుంచి చివరిదాకా ఒకటే జోరు, చెవికి ఆ అలవాటే పడింది. ఇక్కడ నువ్వే ఒళ్లంతా చెవి చేసుకుని స్పీకర్ దగ్గరికి జరగాలి. అలా జరిగి కూర్చున్నప్పుడు, ఆపు లేకుండా నాలుగో భాగం విరుచుకుపడుతుంది. మూడు భాగాలపాటు నోరు మెదపకుండా కూర్చున్న ట్రాంబోన్లు అందుకునేది అప్పుడే. వాల్యూమ్ పెంచేసి ఉంటే అది ఉత్త చప్పుడయ్యేది.

రెండోది షోస్టకోవిచ్ ఎనిమిదో స్ట్రింగ్ క్వార్టెట్. 1960 జూలైలో, డ్రెస్డెన్ దగ్గర, మూడు రోజుల్లో రాశాడు. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో, అంతే. డ్రమ్స్ లేవు, ఆంప్లిఫయర్ లేదు. అయినా రెండో భాగం విను, కమానులు తీగల్ని కోసేస్తున్నాయా అనిపిస్తుంది. తన పేరులోని అక్షరాలనే జర్మన్ స్వరాల పేర్లుగా తీసుకుని నాలుగు స్వరాల వరస ఒకటి అల్లుకున్నాడు. ఐదు భాగాల్లోనూ అది తిరిగి తిరిగి వస్తుంది. అదీ ఒక రిఫ్ లాంటిదే. రిఫ్ అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా!

మూడోదిగా హోల్స్ట్ 'ప్లానెట్స్' తీసుకో. అందులో అంగారకుడి భాగాన్ని రాక్ బృందం కింగ్ క్రిమ్సన్ 1969లో వేదికల మీద వాయించేవాళ్లు. లయ ఐదు దెబ్బలది, మన ఖండచాపు లెక్కే. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర తొడమీద తాళం వేశావు కాబట్టి చెయ్యి దానంతటదే పడుతుంది.

బాఖ్ సంగతి తర్వాత చూద్దాం. నెలకొకటి చాలు. ఒక్కోదాన్ని కనీసం మూడుసార్లు, ఫోను అవతల గదిలో పెట్టి విను.

సంక్రాంతికి వస్తావుగా, క్లైబర్ రికార్డు వెంట తీసుకురా. ఈలోగా, టింపనీ అలా తడుతున్నంతసేపూ నీకేమనిపించిందో నాకు రాయి.

నీ మావయ్య