కాలువలు కట్టిన వేసవిలో పొలములోని కప్పలు, పాములు



కృష్ణ పశ్చిమ డెల్టా అనగానే కాలువలు, పచ్చని వరిచేలు మనసుకు వచ్చును. ఎండిన నేల ఎవరికిని గుర్తు రాదు. కాని ప్రకాశం బరాజు నుండి కాలువలకు నీరు కట్టివేసిన పిదప, వేసవిలో ఒకనాటి మధ్యాహ్నము పొలము వైపు నడచి చూడండి. తెనాలి చుట్టుపట్ల మినుము తీసిన నల్లరేగడి కాలు దూరునంత నెఱ్ఱెలు విచ్చి యుండును. బాపట్ల ఇసుక నేలలలో దొరువుల నీరు అడుగంటును. రేపల్లె దిగువన చౌడు పైకి తేలి నేల తెల్లబారును. కాలువలు తిరిగి వదలువరకు మన మాగాణి కూడ మెట్టసీమయే.

ఈ ఎండు రోజులలో పొలములోని కప్పలు, పాములు, ఉడుములు ఎచ్చట తలదాచుకొనుచున్నవి? అవి బ్రతికి బయటపడినచో మనకేమి లాభము? చచ్చినచో ఏమి నష్టము? ఈ ప్రశ్నలకు జవాబు సార్వా పంటలో కనిపించును. కావున వేసవిలోనే ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

ఎలుక లెక్క

మన వరిచేలకు ఎక్కువ చెరుపు చేయునది చిన్న పందికొక్కు. గట్టులో బొరియ తవ్వి, వాకిటిలో వదులు మట్టి కుప్ప పోసి, లోపలి అరలలో వరికంకులు దాచుకొనును. ఆడ ఎలుక మూడు వారములకు కొంచెము పైగా చూలు మోసి, ఒక్కొక్క ఈతకు ఆరు నుండి ఎనిమిది పిల్లలను పెట్టును. ఆ పిల్లలు సుమారు మూడు నెలలకు తామే ఈతకు వచ్చును. ఊడ్పులనాడు గట్టున ఒక్క జత మిగిలినను, కోతలనాటికి ఒక మంద తయారగుటలో ఆశ్చర్యము లేదు. వరి కోసిన పిదప మినుము, పెసర కాయలపై పడునది కూడ ఆ మందయే.

ఈ ఎలుకకు పగవారు పలువురు గలరు. గుడ్లగూబ, పిల్లి, నక్క మొదలైనవి బయటికి వచ్చిన ఎలుకనే పట్టగలవు. పాము మాత్రము బొరియలోనికి దూరి, తల్లిని పిల్లలతో సహా తినగలదు. జెర్రిపోతు పగటివేళ తిరిగి ఎలుకలను వేటాడును. నాగుపాముకు కూడ ఎలుక ఇష్టమైన ఆహారమే. బాపట్ల వైపు ఇసుకలో ఉండు రెండు తలల పాము ఇసుక క్రిందనే కదలుచు చిన్న ఎలుకలను పట్టి చుట్టి చంపును. ఉడుము ఎలుకలతోబాటు గట్లను గుల్లచేయు పీతలను కూడ తినును.

కప్ప పని వేరు. చేలో నీరు నిలిచినది మొదలు రాత్రియంతయు పురుగులను, రెక్కల చీడలను మింగుచుండును. పెద్ద బావురుకప్ప చిట్టెలుకను, పీతను కూడ వదలదు. ఇవి ఉన్నంత మాత్రమున ఎలుకలు, చీడలు పూర్తిగా పోవునని చెప్పుట లేదు. ఇవి లేనిచో మందులకు, బుట్టలకు పెట్టు ఖర్చు పెరుగునని మాత్రము గ్రహింపవలెను.

కప్పలు దొరకనంతగా పట్టివేయుట ఎట్లుండునో మన దేశమునకు అనుభవమే. విదేశములవారు కప్ప కాళ్ళను ఇష్టముగా తిందురు. 1980 దశకపు ఆరంభములో ఏటా వేల టన్నుల కప్ప కాళ్ళు మన దేశము నుండి ఎగుమతి అయినవి. అవన్నియు చేలలోను, చెరువులలోను పట్టినవే. చివరకు 1987లో కేంద్ర ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించినది.

ఎండను తట్టుకొను విధము

కప్ప నోటితో నీరు త్రాగదు. చర్మము గుండా పీల్చుకొనును. అదే చర్మము గుండా ఒంటిలోని నీరు బయటికి కూడ పోవును. కావున ఎండిన గాలి దానికి ప్రాణాంతకము. నేల ఆరుచున్నపుడే అది నెఱ్ఱెల అడుగునకు, గట్టు మట్టిలోనికి, దొరువు ఒడ్డుకు చేరును. కొన్ని కప్పలకు వెనుక కాళ్ళ మడమ కడ పారవలె గట్టి బొడిపె ఉండును. దానితో మట్టిని తోసికొనుచు వెనుకకు వెనుకకు నేలలో దిగబడును. అచ్చట తిండి లేక, కదలిక లేక, ఊపిరి కూడ నెమ్మదించి, వాన కొరకు వేచియుండును. ఆస్ట్రేలియా ఎడారిలో ఒక జాతి కప్ప ఒంటిచుట్టు చర్మపు పొరతో తొడుగు కట్టుకొని, వాన లేక ఏండ్లు గడచినను నేలలోనే ఉండగలదు. మన కప్పలకు అంత శక్తి లేదు. కొంత తేమ ఉన్న చోటు దొరకిననే అవి బ్రతుకును.

పాము, ఉడుము, తొండల సంగతి కొంత మేలు. పొలుసుల చర్మము ఒంటి నీటిని బయటికి పోనీయదు. అవి మూత్రమును నీరుగా గాక తెల్లని ముద్దగా విడచును; అందువలన నీరు ఆదా అగును. పాము ఒకసారి కడుపునిండ తిన్నచో వారముల తరబడి తిండి లేకున్నను ఓర్చుకొనగలదు. కాని ఒంటిలో స్వంత వేడి లేనందున ఎండలో ఎక్కువసేపు ఉన్నచో చచ్చును. కావున పుట్ట, ఎలుక బొరియ, రాళ్ళ కుప్ప, డొంక వంటి నీడ దానికి తప్పనిసరి.

మురుగు కాలువ ఒడ్డు, గట్టు మూలనున్న పుట్ట, ఎండని దొరువు, తాటిచెట్ల మొదళ్ళ కడ పొదలు, వీటిలో దాగినవే తొలకరికి తిరిగి చేలోనికి వచ్చును. సాగులో ఈ చోట్లు ఏటేట తగ్గిపోవుచున్నవి.

వేసవిలో జరుగు పొరపాట్లు

మొదటిది, నిప్పు. గట్ల మీది ఎండుగడ్డిని, కాలువ ఒడ్డులను తగులబెట్టినచో ఎలుక బొరియలో లోతుగా ఉండి తప్పించుకొనును. గడ్డిలో ఉన్న తొండ, కప్ప, పాము గ్రుడ్లు మాడిపోవును. శత్రువు మిగిలి మిత్రుడు పోవు బేరమిది.

రెండవది, విషము. బ్రోమోడియోలోన్ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరుగును. అట్టి ఎలుకను తిన్న గుడ్లగూబకు, ముంగిసకు కూడ విషము సోకవచ్చును. కావున మందు ఎరను ఎచ్చటబడిన అచ్చట చల్లరాదు. మొదటి రోజు బొరియలన్నిటిని మట్టితో మూయవలెను. మరునాడు తెరచుకొన్న వాటిలోనే ఎర పెట్టి మూయవలెను. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు 0.25 శాతపు బ్రోమోడియోలోన్ పొడి కలిపి ఎర చేయవలెను. చేతులకు తొడుగులు వేసికొనవలెను. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టవలెను. మన యానాది సోదరులు పెట్టు ఎలుక బుట్టలు, బొరియలకు పట్టు పొగకుండ ఇతర జీవులకు విషము మిగల్చని పద్ధతులు. ఊరంతయు ఒకేసారి పెట్టించినచో వాటి ఫలితము ఎక్కువ.

మూడవది, నీరు. పురుగుమందు కొట్టిన స్ప్రేయరును దొరువులోనో, మురుగు కాలువ గుంటలోనో కడిగినచో, వేసవిలో అక్కడ చేరిన కప్పలు చర్మము గుండా ఆ విషమును పీల్చుకొనును. కడిగిన నీటిని నీటివనరులకు దూరముగా గొయ్యి తీసి పోయవలెను.

నాలుగవది, వల. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల చుట్టు పీతలు రాకుండ వల కట్టుదురు. నీరుకట్టె, జెర్రిపోతు దానిలో చిక్కి ఎండకు చచ్చును. నీరుకట్టె చేపపిల్లలను తినుట నిజమే. కాని వలలో చిక్కిన ప్రతి పాము చేప దొంగ కాదు. ప్రతి ఉదయము వల చూచి, చిక్కినదేదో తెలిసినవారిచే తప్పించవలెను. మనమే చేతితో పట్టరాదు.

ఏది ప్రమాదకరము?

పామును చూచి భయపడుట తప్పు కాదు. 2000 నుండి 2019 వరకు మన దేశములో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది బలియైనట్లు ఒక పెద్ద అధ్యయనము అంచనా వేసినది. ఎక్కువ మరణములు గల రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ కూడ ఒకటి. 2018 వానకాలమున కృష్ణకు ఆవలి దివిసీమలో పాముకాట్లు వరుసగా జరిగి జనము పొలమునకు పోవ జంకిరి. ఈ మాట మరచి పాములను కాపాడుడని చెప్పుట న్యాయము కాదు.

మన ప్రాంతమున జాగ్రత్త పడవలసిన ముఖ్యమైన విషసర్పములు మూడు: పడగ విప్పు నాగుపాము, నల్లని ఒంటిపై సన్నని తెల్లని కట్లుండి రాత్రి తిరుగు కట్లపాము, లావైన ఒంటిపై గొలుసు వంటి మచ్చలుండి బుసలు కొట్టు రక్తపింజర. మెట్ట ప్రాంతములలో చిన్నపింజర నాల్గవది. జెర్రిపోతు, నీరుకట్టె, రెండు తలల పాములకు మనిషిని చంపు విషము లేదు.

జెర్రిపోతు నాగుపాముతో జతకట్టునని, ఆవు పాలు త్రాగునని చెప్పు మాటలు నిజము కావు. రెండు పాములు పెనవేసుకొని పైకి లేచినచో అది తరచు రెండు మగ జెర్రిపోతుల కుస్తీ. రెండు తలల పాముకు ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉండుటచే అట్లు కనిపించును. దానివలన ధనము వచ్చునని నమ్మించి కొనువారు, అమ్మువారు మోసగాండ్రు. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి, మరునాడు గట్టున జెర్రిపోతు కనబడగానే కర్ర తీయుట మనకు తగునా?

కాటు పడకుండ, పడినచో

రాత్రి నీరు పెట్టబోవునపుడు టార్చిలైటు, మోకాలి వరకు బూట్లు, చేతికర్ర తప్పనిసరి. గడ్డివాములో, పనల క్రింద, బొరియలో చేయి పెట్టరాదు. ముందు కర్రతో కదపవలెను. నేలపై పడుకొనక మంచముపై దోమతెర కట్టి, అంచులు పరుపు క్రింద దోపవలెను. కట్లపాము కాటు నొప్పి లేకనే ఉండవచ్చును. తెల్లవారి లేచినపుడు కడుపు నొప్పి, కనురెప్పలు వాలుట కనబడినచో దానిని అనుమానింపవలెను. ఇంటి ప్రక్క ధాన్యము చిందకుండ చూచినచో ఎలుక రాదు. ఎలుక లేనిచోట పాముకు పని లేదు.

కాటు పడినచో కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు, పసరు పోయరాదు, మంత్రగాని కొరకు కాలము పోగొట్టరాదు. ఉంగరములు, కడియములు తీసివేసి, కరిచిన కాలిని గాని చేతిని గాని కదలనీయక బద్ద కట్టి, 108కు చెప్పి నేరుగా ఆసుపత్రికి చేర్చవలెను. పామును చంపి వెంట తేనక్కరలేదు. మన దేశములో వాడు విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాముల విషమునకును పనిచేయును. ఆ మందునకు కావలసిన విషమును మదరాసు కడ 1978లో స్థాపించిన ఇరులవారి సహకార సంఘము పాములనుండి తీసి సరఫరా చేయుచున్నది. పాము విషము నుండి మనిషిని కాపాడు మందుకు కూడ పామే మూలము.

వేసవి పనులు

భరణి, కృత్తిక కార్తెలలో: గట్లు చెక్కునపుడు ఊరి పొలములో కొన్ని మూలలు, పుట్టలు, తాటి మొదళ్ళ కడ పొదలు కదపక విడువవలెను. అవి ఇండ్లకు, కళ్ళములకు, నడక దారులకు దూరముగా ఉండవలెను.

రోహిణిలో: ఊరి రైతులందరు ఒకే వారములో ఎలుకల నిర్మూలన చేయవలెను. నెఱ్ఱెలు, బొరియలు తేటగా కనబడు కాలమిది. బొరియ తవ్వునపుడు పాము వచ్చినచో వెనుకకు తగ్గి దారి ఇవ్వవలెను. దొరువు గలవారు అడుగున జానెడు నీరైనను మిగుల్చుకొనవలెను.

మృగశిర, ఆరుద్రలలో: తొలి వానకు కప్పలు అరచి గ్రుడ్లు పెట్టును. ఆ వారము మడుగులలో మందునీరు పడనీయరాదు. ఆ తోకకప్పలే కొన్ని వారములకు చేలో కాపలాదారులగును.

గ్రామోద్యోగులకు ఒక మాట

జెర్రిపోతు, నాగుపాము, ఉడుము, రెండు తలల పాము మొదలైనవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ గలవి. వీటిని చంపుట, పట్టుట, అమ్ముట నేరము. ఇంటిలోనికి పాము వచ్చినచో అటవీశాఖకు గాని, శిక్షణ పొందిన పాములవారికి గాని కబురు చేయవలెను. వారి ఫోను నంబరును, విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరును గ్రామ సచివాలయము, రైతు సేవా కేంద్రము గోడలపై పెద్ద అక్షరములతో వ్రాయించండి. భయము తగ్గిననే కర్ర దిగును. మురుగు కాలువల పూడిక తీయించునపుడు రెండు ఒడ్డులు ఒకేసారి గీకక, ఈ యేడు ఒకటి, మరుయేడు ఒకటి చేయించినచో జీవులకు చోటు మిగులును.

ఈ పనులలో చాలవరకు ఖర్చు లేనివే. తగులబెట్టకుండుట, కడగకుండుట, కొట్టకుండుట, కొంచెము చోటు విడుచుట, ఇంతే. ఈ వేసవిలో మీ గట్టు మీద ఒక్క మూలను విడచి చూడండి. తొలకరి రాత్రి మీ చేలో ఎన్ని కప్పలు అరచునో చెవియొగ్గి వినండి. పంట కాపుకు వచ్చిన వారి పిలుపు అది.