చీకటి కడలిలో వెలుగు చేపలు

కర్నూలు జిల్లా నుండి విడివడి 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో, కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలున్నాయి. భూగర్భజలం సున్నపురాతిని యుగాల తరబడి తొలచగా ఏర్పడిన సొరంగాలివి. వీటి పొడవు 3,229 మీటర్లు. భూగర్భశాస్త్రవేత్త బ్రూస్ ఫుట్ 1884లో వీటిని లోకం దృష్టికి తెచ్చాడు. నేడు సందర్శకుల కోసం లోపల విద్యుద్దీపాలు అమర్చారు. ఆ దీపాలు క్షణకాలం ఆరిపోతే చీకటి అంటే ఏమిటో తెలుస్తుంది. అమావాస్య నాడు మన మెట్టచేలలో చుక్కల వెలుగైనా ఉంటుంది. గుహలో అదీ లేదు. కంటి ముందుకు తెచ్చుకున్న చేయి సైతం కానరాదు.

అంతటి చీకటి సముద్రగర్భంలోనూ ఉంది. సుమారు 200 మీటర్ల లోతు దాటితే మొక్కలు ఆహారం తయారుచేసుకొనేటంత వెలుగు ఉండదు. 1000 మీటర్ల దిగువన సూర్యకాంతి జాడే లేదు. అయినా అక్కడ దీపాలు వెలుగుతున్నాయి! కాలిఫోర్నియా తీరానికి ఆవల 4000 మీటర్ల లోతు వరకు పరిశీలించిన శాస్త్రజ్ఞులు, అక్కడ ఈదులాడే ప్రాణులలో నూటికి 76 స్వయంగా వెలుగునివ్వగలవని 2017లో ప్రకటించారు.

ఈ వెలుగును జీవకాంతి అంటారు. లూసిఫెరిన్ అనే పదార్థం ప్రాణవాయువుతో కలిసినప్పుడు ఇది పుడుతుంది. ఆ కలయికను త్వరపెట్టే ఎంజైము పేరు లూసిఫెరేజ్. ఇందులో వేడి దాదాపు పుట్టదు. తొలకరి రాత్రులలో మన పొలాలపై మెరిసే మిణుగురులదీ ఇదే మార్గం. అయితే మిణుగురులోని లూసిఫెరిన్ వేరు, చేపలోనిది వేరు; పేరొక్కటే ఉమ్మడి. అనేక సముద్రజీవులు ఆ పదార్థాన్ని ఆహారం ద్వారానే పొందుతాయి. ఒకటి మరొకదాన్ని తినగా దీపపు చమురు చేతులు మారుతుందన్నమాట.

కొన్ని చేపలు తామే వెలగవు. వెలిగే బాక్టీరియాకు తమ దేహంలో చోటిచ్చి పోషిస్తాయి. ఇందుకు నిదర్శనం వెతుకుతూ అగాధాలకు పోనక్కరలేదు. మన కోస్తా తీరంలో వలలకు విరివిగా పడే చిన్న వెండిరంగు కారచేప ఇటువంటిదే. దాని అన్నవాహిక చుట్టూ బాక్టీరియా నిండిన ఉంగరం వంటి అవయవం ఉంటుంది. ఎండుచేపల గంపలో దాన్ని చూసి, ఇది ఒకనాడు వెలిగిందని ఎవరు ఊహిస్తారు?

ఆ వెలుగుతో చేపలకు పని ఏమిటి? ఆడ గాలపుచేప నెత్తిపై కొక్కెం వంటి కాడ, దాని కొనన వెలిగే బుడిపె ఉంటాయి. ఎర అనుకొని దగ్గరకు వచ్చిన ప్రాణి దానికే ఎర అవుతుంది. లాంతరుచేప నేర్పు ఇంకా విచిత్రం. ఆకాశంలో ఎగిరే గద్ద కింది నుండి చూసేవారికి నల్లగా కనబడుతుంది కదా! మసకవెలుగులో ఈదే చేపకూ అదే ప్రమాదం. కింద పొంచిన శత్రువుకు దాని నీడ తెలిసిపోతుంది. అందుచేత లాంతరుచేప తన పొట్ట అడుగున ఉన్న దీపాలను పైనుండి దిగే వెలుగుకు సమానంగా వెలిగించి, నీడను మాపుకుంటుంది. దాగుకొనడానికి దీపం పెట్టడమంటే ఇదే. చాలా లోతునీటి జీవుల కాంతి నీలం. సముద్రజలంలో దూరం పోగలిగేది ఆ రంగే. కొన్ని డ్రాగన్ చేపలు మాత్రం ఎర్రకాంతిని వెలువరిస్తాయి. చుట్టుపక్కల ప్రాణులలో అధికభాగం ఆ రంగును చూడలేవు. వేటగాని చేతి దీపం వేటకు కనబడదు!

మళ్ళీ గుహ దగ్గరకు వద్దాం. గుహల చీకటి నీటిలోనూ కొన్ని దేశాలలో చేపలున్నాయి. మేఘాలయ గుహలలో కనుగొని 2023లో వర్ణించిన ఒక జాతిలో కళ్ళు కుంచించుకుపోయాయి, కొన్నింటిలో పూర్తిగా మాసిపోయాయి. కాని గుహలలోనే కాదు, మంచినీటిలో ఎక్కడా స్వయంగా వెలిగే చేప నేటివరకు దొరకలేదు. చీకటి ఒక్కటే దీపాన్ని పుట్టించదని దీనివలన తెలుస్తున్నది. గుహలో ఆహారం స్వల్పం, ప్రాణులు కొద్ది. వెలిగించినా చూసేవారు అరుదు. అక్కడ కన్నును పోషించడమే దండుగ ఖర్చు. కడలిలోనైతే వేటాడేవారు, వేటకు చిక్కేవారు, జతను వెతికేవారు లెక్కకు మించి ఉన్నారు. వారిలో ఒకరు వెలిగితే వేరొకరు చూస్తారు. లాంతరుచేపకు ఒంటినిండా దీపాలే కాదు, తలకు మించినవా అనిపించేటంత పెద్ద కళ్ళూ ఉన్నాయి.