ఫోటో కడగడం

మన ఊళ్లలో ఫోటోను "డెవలప్" చేయించడం అనరు, కడిగించడం అంటారు. "రీలు కడగడానికిచ్చాం, రేపిస్తానన్నాడు" అనే మాట మా నాన్న తరం వాళ్ల నోట ఎన్నోసార్లు విన్నాను. గిన్నెలు కడిగినట్టు ఫోటో కడగడమేమిటని చిన్నప్పుడు నవ్వొచ్చేది. డిగ్రీలో చేరి రసాయనశాస్త్రం చదివాక తెలిసింది, ఆ మాట వాడుకలోకి తెచ్చినవాడెవడో గాని సగం పాఠం ఆ ఒక్క మాటలోనే చెప్పేశాడని.

ఈ రోజుల్లో జేబులో కెమెరా లేని విద్యార్థి లేడు. ఒక్క పెళ్లికి వెయ్యి ఫోటోలు తీస్తాం. ఇంకా ఫిల్ము గొడవ ఎవరికి కావాలని మిత్రులు అడుగుతారు. సరైన ప్రశ్నే. 1975లో కోడక్ కంపెనీలోనే స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు ఫిల్ము అక్కరలేని కెమెరా తయారుచేశాడు. ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. చివరకు ఆ దారే గెలిచింది. 2012లో కోడక్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. మన దేశంలో ఊటీ దగ్గర 1960లో ప్రభుత్వం పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కూడా మూతపడింది. దాని 'ఇందు' మార్కు సరుకు ఎరగని పాతకాలపు స్టూడియో ఉండదు. ఇంత జరిగాక కూడా ఎక్టాక్రోమ్ ఫిల్ము 2018లో మళ్లీ అంగట్లోకి వచ్చింది. 2024లో పెంటాక్స్ వాళ్లు కొత్తగా ఫిల్ము కెమెరా ఒకటి విడుదల చేశారు. చచ్చిందనుకున్నది చావలేదు.

ఫిల్ము బొమ్మే గొప్ప అని నేను వాదించబోవడం లేదు. వెలుతురును పట్టడంలో ఫోన్లోని సెన్సారు ఫిల్ము కంటే చాలా సమర్థమైనది. చీకట్లో ఫోన్ తీసే బొమ్మను ఫిల్ము తీయలేదు. ఖర్చు సంగతి చెప్పనే అక్కరలేదు, ఒక్క రీలు ధరకు హాస్టల్లో నాలుగైదు రోజులు భోంచేయొచ్చు. మరి దాని ఆకర్షణ ఎక్కడుంది? అది తెలియాలంటే ముందు లోపల జరిగేది చూడాలి.

సాల్ట్ అనాలిసిస్‌లో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసినప్పుడు వచ్చే తెల్లటి అవక్షేపం మీరంతా చూసే ఉంటారు. కాసేపు కిటికీ దగ్గర పెడితే అది ఊదారంగుకు తిరుగుతుంది. ఫోటోగ్రఫీ అంతా ఆ పరీక్షనాళికలోనే ఉంది. ఫిల్ము మీద ఉండేది ఎక్కువగా సిల్వర్ బ్రోమైడ్, కంటికి కనపడనంత చిన్న స్ఫటికాలుగా జెలటిన్‌లో కలిపి పూస్తారు. ఒక్కో స్ఫటికంలో సుమారు వంద కోట్ల వెండి అయాన్లుంటాయి. కాంతి పడ్డప్పుడు బ్రోమైడ్ అయాన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ విడివడి స్ఫటికంలో ఒక లోపం దగ్గర చిక్కుకుంటుంది. అక్కడికి వెండి అయాన్ వచ్చి చేరి వెండి పరమాణువు అవుతుంది. ఇలా నాలుగు పరమాణువులు ఒకచోట పోగైతే చాలు, ఆ స్ఫటికం 'చూసింది' అన్నమాట. ఈ సంగతిని 1938లో గర్నీ, మాట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వివరించారు. వంద కోట్లలో నాలుగు! ఏ సూక్ష్మదర్శినిలో చూసినా మార్పు కనపడదు. దీన్నే గుప్త ప్రతిబింబం అంటారు.

మా ఇంట్లో వాళ్లకు దీన్ని నారుమడితో పోల్చి చెప్పాను. విత్తనం చల్లిన మడి, చల్లని మడి పైకి ఒకేలా ఉంటాయి. నీళ్లు పెట్టాక తేడా బయటపడుతుంది. డెవలపర్ ఆ నీళ్ల లాంటిది. వెలుతురు తగిలిన స్ఫటికాన్ని మొత్తం నల్లటి వెండిగా మారుస్తుంది, తగలనిదాని జోలికి పోదు. మరీ ఎక్కువసేపు ఉంచితే మాత్రం చల్లని చోట కూడా కలుపు మొలుస్తుంది, బొమ్మంతా మసక బారుతుంది.

ఈ గుప్త ప్రతిబింబాన్ని 1840లో పైకి తెచ్చినవాడు ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్. ఆయన వాడింది గాలిక్ ఆమ్లం. మన కలంకారీ పనివాళ్లు గుడ్డకు పట్టించే కరక్కాయలో ఉన్నది కూడా ఆ ఆమ్లమూ దాని బంధువులే. తర్వాతి కాలంలో మెటాల్, హైడ్రోక్వినోన్ వచ్చాయి.

ఇక కడగడం. వెలుతురు తగలని సిల్వర్ బ్రోమైడ్ ఇంకా మిగిలే ఉంటుంది కదా. దాన్ని తీసేయకపోతే బయటికి తెచ్చిన తర్వాత మొత్తం నల్లబడుతుంది. దాన్ని కరిగించేది హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. మన ల్యాబులో అయొడిన్ టైట్రేషన్‌కు బ్యూరెట్‌లో పోసేదే. హైపోకు వెండి లవణాలను కరిగించే గుణముందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. ఫోటోగ్రఫీ పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందే మందు తయారుగా ఉంది, రోగి ఇంకా రాలేదు. ఆఖరున ఆ హైపో కూడా పోయేదాకా మంచినీళ్లలో కడగాలి. సరిగ్గా కడగని ఫోటో నాలుగేళ్లకే పసుపుపచ్చగా మారుతుంది. మన ఇళ్లల్లో గోడల మీద పచ్చబడిన పాత ఫోటోలు చాలావాటికి కారణం కాలం కాదు, నీళ్ల కరువు.

జెలటిన్ గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను, రైతుబిడ్డను గనక. అది పశువుల ఎముకల నుంచీ తోళ్ల నుంచీ తీసే పదార్థం. ఒక విడత జెలటిన్‌తో చేసిన ఫిల్ము చురుగ్గా, ఇంకో విడతది మందకొడిగా ఉండేది, కారణం అంతుపట్టేది కాదు. 1920లలో కోడక్ రసాయనవేత్త శామ్యూల్ షెపర్డ్ కూపీ లాగితే, చురుకైన జెలటిన్‌లో అతి స్వల్పంగా గంధకపు సమ్మేళనాలు దొరికాయి. అవి ఆవనూనెలో ఉండే జాతివి. పశువులు మేతలో ఆవజాతి మొక్కలు తినడం వల్ల వచ్చినవి. ఎలక్ట్రాన్ చిక్కుకునే లోపం అని పైన చెప్పానే, దాన్ని కల్పించేది ఈ గంధకమే. మన భాషలో ఆవుకూ ఆవాలకూ చుట్టరికం పేరులోనే ఉంది, ఫోటోలో నిజంగానే కలిసింది.

ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే. చీకటి గది నేను చూసింది మా తాత కోసం.

మా తాత 1994లో పోయాడు. నేను ఆయన్ను చూడలేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటో పట్టాదారు పాసు పుస్తకం మీద అంటించింది. దాని మీద ఆఫీసు ముద్ర పడి ఎడమ చెంప, చెవి కనపడవు. ఫోన్‌తో తీసి పెద్దది చేయిస్తే ముద్ర కూడా పెద్దదయింది. మా మండల కేంద్రంలో ఒక పెద్దాయనకు పాత స్టూడియో ఉంది. ఆయన నెగటివ్‌లన్నీ కాగితం కవర్లలో, తారీఖుల వారీగా రేకు పెట్టెల్లో దాచాడు. వెండి కోసం పాత ఫిల్ములు, ఎక్స్‌రేలు కిలోల లెక్కన కొనే వ్యాపారులకు చాలా స్టూడియోల వాళ్లు అమ్మేశారు. ఈయన అమ్మలేదు. రెండు మధ్యాహ్నాలు వెదికితే 1992 పెట్టెలో మా తాత దొరికాడు. యాషికా కెమెరాతో తీసిన ఆరు సెంటీమీటర్ల నలుచదరపు నెగటివ్.

"స్కానింగ్ చేయించుకుంటావా, ప్రింటే వెయ్యమంటావా అబ్బాయ్?" అన్నాడు. ప్రింటే అన్నాను. మా నాన్న కూడా వచ్చాడు.

గదిలో ఎర్రబల్బు. ప్రింటు కాగితానికి ఎరుపు కనపడదు, నీలం, ఆకుపచ్చ మాత్రమే కనపడతాయి. అందుకే ఆ వెలుతురులో పని చేసుకోవచ్చు. వేసవి కావడంతో ట్యాంకు నీళ్లు కాగిపోతున్నాయి. మందు 20 డిగ్రీల దగ్గర ఉండాలి గనక ట్రే కింద ఐసు ముక్కలు పెట్టాడు. వేడికి జెలటిన్ మెత్తబడకుండా హైపోలో పటిక కలిపాడు. గడ్డం గీసుకున్నాక రుద్దుకునే పటికే.

ముందు ఒక కాగితపు ముక్క మీద 4, 8, 12, 16 సెకన్లు చొప్పున పట్టీలుగా వెలుతురు పట్టించాడు. కొత్త మందును ముందు ఒక సాలుకు కొట్టి చూసినట్టే. ముఖానికి 8 సెకన్లు సరిపోయింది. అయితే ఆ 8 సెకన్లకు తలపాగా తెల్లటి సున్నపు ముద్దలా ఉంది, మడతలు లేవు. తెల్లగుడ్డ నెగటివ్‌లో నల్లగా, దట్టంగా ఉంటుంది కాబట్టి వెలుతురు దాటి రాదు. అందుకని మొత్తానికి 8 సెకన్లు ఇచ్చి, ఆ తర్వాత చిల్లి పెట్టిన అట్టముక్కను అడ్డం పెట్టి తలపాగాకు మాత్రం ఇంకో 12 సెకన్లు ఇచ్చాడు. అట్టను ఆపకుండా కదుపుతూనే ఉన్నాడు, ఆపితే అంచు గీతలా పడుతుంది.

కాగితం మందులో వేసిన తర్వాత కొద్దిసేపు ఏమీ లేదు. తర్వాత నల్లగా ఉండేవే ముందు వచ్చాయి, మీసం, కనుబొమలు, చొక్కా కాలరు కింది నీడ. ఆ వెనక ముఖం. అందరికంటే ఆఖరున తలపాగా మడతలు. మా నాన్న ట్రే మీదికి వంగి నిలబడ్డాడు. మా ఇంట్లో ఒక పాత తగాదా ఉంది. తాత చెవిపోగులు చివరిదాకా ఉన్నాయని నాన్న అంటాడు, మిరప దెబ్బతిన్న ఏడాదే తాకట్టుకు పోయి మళ్లీ రాలేదని నాయనమ్మ అంటుంది. ప్రింటులో ఎడమ చెవి తేటగా వచ్చింది. తమ్మెకు రంధ్రం ఉంది, పోగు లేదు.

"అమ్మ చెప్పిందే నిజం" అన్నాడు నాన్న. ఆ సాయంత్రం ఇంకేమీ మాట్లాడలేదు.

ఆ వేళ నాకర్థమైంది ఏమిటంటే, నెగటివ్ ఒక వస్తువు. తాత ముఖం మీద పడి తిరిగొచ్చిన వెలుతురే ఆ ఫిల్మును తాకింది. రాజా దీన్‌దయాళ్ (1844–1905) మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, హైదరాబాదులో ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫరయ్యాడు. ఆయన గాజు పలకలు రెండువేల ఎనిమిది వందలకు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. నూరేళ్లు దాటినా వాటి నుంచి బొమ్మ తీయవచ్చు. పాస్‌వర్డు అడగవు.

అలాగని ప్రింటు ప్రతిసారీ ఒకేలా వస్తుందనుకోకండి. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ 1941 నవంబరులో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీశాడు. వెలుతురు కొలిచే మీటరు సమయానికి దొరకక, చంద్రుడి కాంతి ఎంతో తెలిసున్నది గనక ఆ లెక్కతో తీశాడు. ఆ ఒక్క నెగటివ్‌ను దశాబ్దాల తరబడి మళ్లీ మళ్లీ ప్రింటు వేశాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బులు లేతగా కనిపిస్తాయి, తర్వాతివాటిలో ఆకాశం దాదాపు నల్లన. తప్పొప్పుల మాట కాదు, ఆయన చెయ్యి మారింది. మా పెద్దాయన కూడా తాత ప్రింట్లు మూడు వేశాడు. మూడూ ఒకటి కావు. నాయనమ్మ అన్నిటికంటే నల్లగా వచ్చినదాన్ని ఎంచుకుంది, "ఎండలో తిరిగే మనిషి, ఇట్లాగే ఉండేవాడు" అంది.

ఎన్‌లార్జరు లేదు, చీకటి గది లేదు అనేవాళ్లకు హెర్షెలే 1842లో ఇంకో దారి చూపాడు, సయనోటైప్. మరుసటి ఏడాది 1843 నుంచే ఆనా అట్కిన్స్ అనే ఆమె సముద్రపు నాచు మొక్కల బొమ్మలు ఇలాగే వేసి పుస్తకం చేసింది. దీనికి వెండి అక్కరలేదు, ఇనుము చాలు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు ఇంకో 100 మిల్లీలీటర్లలో కరిగించండి. రెండూ సమంగా కలిపి, మసక వెలుతురులో డ్రాయింగ్ కాగితం మీద కుంచెతో పూసి చీకట్లో ఆరబెట్టండి. ఆకు పెట్టి పైన గాజుపలక వేసి పది, పదిహేను నిమిషాలు ఎండలో ఉంచి, పచ్చరంగు పోయేదాకా మంచినీళ్లలో కడగండి. ఫెర్రిసయనైడ్ దగ్గరికి గాఢ ఆమ్లాలు రానీయవద్దు, విషవాయువు పుడుతుంది. నీలం మొదట లేతగా ఉన్నా మర్నాటికి ముదురుతుంది. ఆకు ఏదైనా ఫరవాలేదు గాని మునగ, తుమ్మ లాంటి చిన్న ఆకులు అంచులతో సహా చక్కగా పడతాయి. మేము మొదట వేసింది మిరపాకు.