బడిలో పాఠాలు చెప్పకుండా విద్యాశాస్త్రం చదవొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలో గంజాం జిల్లా హుమ్మ. డిగ్రీ అయింది. టీచరు కావాలని లేదు. బీఎడ్ లేకుండా విద్యాశాస్త్రంలో పీజీ కుదురుతుందా?

జవాబు: కుదురుతుందమ్మా. ఎంఎడ్‌కి బీఎడ్ గానీ, అలాంటి టీచరు శిక్షణ గానీ తప్పనిసరి. ఎంఏ ఎడ్యుకేషన్‌కి అక్కర్లేదు, చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా చాలు. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్‌లోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ (టిస్)లో ఇది రెండేళ్ల కోర్సు. ఇల్లు కదలలేకపోతే ఇగ్నో దూరవిద్య ఉంది. పాఠ్యపుస్తకాల తయారీ, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన వైపు దారులున్నాయి. ఎంఏలో 55 శాతం వస్తే యూజీసీ నెట్ రాయొచ్చు. ఒక్క మెలిక: తర్వాత మనసు మారి బడిలోనో, బీఎడ్ కాలేజీలోనో చెప్పాలనుకుంటే బీఎడ్ లాంటి టీచరు శిక్షణ అడుగుతారు.

నన్నడిగితే, పరిశోధనాంశం మీ గడపలోనే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మీ హుమ్మ ఉప్పుమళ్ల పక్క పిల్లలు ఒకటో తరగతిలో ఎక్కడ తడబడుతున్నారో గమనించి రాసుకోండి. ప్రవేశ ఇంటర్వ్యూలో అదే పనికొస్తుంది.